సున్నా నుంచి నూరు: సటీకా తాత్పర్యము

మూలం: సున్నా నుంచి నూరుకు ఏడు దశాంశం ఎనిమిది సెకండ్లు.

అవతారిక. 2018 సెప్టెంబరులో సూరత్ వజ్రాల వ్యాపారి సావ్‌జీ ఢోలకియా తన సంస్థలో పాతికేళ్లు పూర్తిచేసిన ముగ్గురికి మెర్సిడెస్ బెంజ్ జీఎల్ఎస్ 350డీ బండ్లు ఇచ్చారు. మరుసటి నెలలో, దీపావళి బోనసుగా, ఆరు వందల మంది దాకా సిబ్బందికి రెనో క్విడ్, మారుతీ సెలేరియో కార్లు అందాయి. ఒకే కొలువు నుంచి, నెల తేడాతో, ఇంత దూరపు రెండు జాతుల వాహనాలు రోడ్డెక్కాయి. ఇలాంటి జంట కనిపిస్తే మన వాహన పండితులు ముందుగా పఠించేది పై సూత్రమే. జీఎల్ఎస్ కదలకుండా ఉన్నచోటి నుంచి గంటకు 100 కిలోమీటర్లు అందుకోవడానికి 7.8 సెకండ్లు. పఠించి, ఇక చెప్పవలసింది లేదన్నట్టు కళ్లు మూసుకుంటారు. ఆ మౌనానికి వ్యాఖ్యానం అవసరమని ఈ పూనిక. ప్రతిపదార్థం బాలురకు వదిలేద్దాం. మెదకు సీమ కొలచెలమకు చెందిన మల్లినాథసూరి రఘువంశ వ్యాఖ్య మొదట్లోనే, మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని మాట ఇచ్చాడు. మనం ఎవరికీ అలాంటి మాట ఇవ్వలేదు.

అన్వయం. సూత్రం దాచినది బరువును. జీఎల్ఎస్ ఇంజినులో 258 గుర్రాలు. క్విడ్ చిన్న ఇంజినులో 54. దాదాపు అయిదు రెట్లు, జయజయధ్వానాలు. అయితే మొదటిది సుమారు 2,450 కిలోలు, రెండోది సుమారు 670. టన్నుకు లెక్కగడితే అక్కడ 105 గుర్రాలు, ఇక్కడ 80. అయిదు రెట్ల వైభవం 1.3కు దిగింది, తక్కిన గుర్రాలు బండి హోదాను మోయడానికే సరిపోయాయి. టార్కులో 620 ఎక్కడ, 72 ఎక్కడ అని ఒకరు లేస్తారు. టార్కును గేర్లు గుణించి చక్రానికి అందిస్తాయి గనుక పరుగును ప్రధానంగా తేల్చేది శక్తిని బరువుతో భాగించగా వచ్చిన అంకే. గేరు మార్పులకు పట్టే కాలం, గాలి అడ్డు క్విడ్‌ను మరికొంత వెనక్కి లాగుతాయి, నిజమే. వాటికి తోడుగా లాగేది కుటుంబం. మనుషులు, సామాను కలిపి 300 కిలోలు ఎక్కిస్తే జీఎల్ఎస్ టన్నుకు 94 దగ్గర నిలుస్తుంది, క్విడ్ 56కు పడిపోతుంది. బోనసు కారులో ఎక్కేది ఇంటిల్లిపాదీ కాబట్టి అచ్చు వేయవలసిన అంకె ఇది. వేయరు.

విశేషం. ఈ విషయంలో మన పూర్వుల పరీక్షా పద్ధతే మేలు. నన్నయ అరణ్యపర్వంలో నలోపాఖ్యానం చూడండి. నైషధంలో వెతకవద్దు, శ్రీహర్షుడూ, ఆయన వెంట శ్రీనాథుడూ నూతన దంపతుల దగ్గరే కథ ఆపి, రథం తోలే నలుణ్ణి చూడకుండా వెళ్లిపోయారు. వాహనశాస్త్రానికి అది తీరని లోటు. అయోధ్య రాజు ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భకు, నూరు యోజనాలు, పోవాలి. బాహుకుడు, అంటే మారురూపంలో ఆయన సారథిగా ఉన్న నలుడు, బక్క గుర్రాలను ఎంచి తెచ్చాడు. రాజు చిన్నబుచ్చుకున్నాడు. కండా నిగనిగా చూసి తీర్పు చెప్పే నేటి పరీక్షకుడికి మూలపురుషుడు ఈ రాజే. బాహుకుడు చూసింది ఒంటి మీది సుడులను. రథం మీద రాజు, బాహుకుడు, మరో సారథి వార్ష్ణేయుడు, ముగ్గురు. అంటే నిండు బరువుతో పరీక్ష. ఇక కొలత. రాజు ఉత్తరీయం జారిపడింది, ఆపమన్నాడు. అది అప్పటికే యోజనం వెనక ఉందన్నాడు బాహుకుడు. యోజనాన్ని ఎనిమిది మైళ్లుగా తీసుకుని, బట్ట జారిన సంగతి రాజు నోట వెలువడటానికి పది సెకండ్లు పట్టిందనుకుంటే గంటకు 4,600 కిలోమీటర్ల పైమాట. రాజులు తాపీగా మాట్లాడతారని నిమిషం ఇచ్చినా 770. శాకుంతలంలో సారథి మరీ నిజాయితీపరుడు: నేల ఎగుడుదిగుడుగా ఉన్నందున పగ్గాలు బిగించానని, ఇప్పుడు చదును వచ్చిందని విన్నవించాకే గుర్రాలను వదులుతాడు. ముందు దారి, తరువాత వేగం.

సూరత్ దారి సంగతి లింబాయత్, ఉధ్నాల్లో మరమగ్గాల మీద బతికే మన పద్మశాలీలను అడగండి. చీరల మూటలు నిండిన టెంపో వెనక చిక్కితే జీఎల్ఎస్‌దీ క్విడ్‌దీ టెంపో వేగమే. పైగా 2018 కేంద్ర నోటిఫికేషన్ నగరపాలక రోడ్ల మీద కారు గరిష్ఠ వేగాన్ని 70గా పెట్టింది. సూత్రంలోని నూరు ఊళ్లో నేరం.

పూర్వపక్షం: ముంబయి వెళ్లే 48వ జాతీయ రహదారి మీద లారీని దాటడానికి ఆ చురుకు ప్రాణం కాపాడదా? కాపాడుతుంది. అయితే అక్కడ కావలసింది 60 నుంచి 100కు పట్టే కాలం; నిలిచిన బండి లారీని దాటదు. ప్రాణమన్నారు గనుక అసలు సున్నా దగ్గరికి వద్దాం. 2016 మేలో వాహన భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఫలితాల్లో క్విడ్‌కూ సెలేరియోకూ పెద్దవాళ్ల రక్షణలో దక్కినవి సున్నా నక్షత్రాలు. సవరించిన క్విడ్‌కు ఆ సెప్టెంబరులో ఒకటి వచ్చింది. ఢీకొట్టించిన వేగం గంటకు 64 కిలోమీటర్లు, అంటే ఆ నోటిఫికేషన్ ఊళ్లో అనుమతించిన గరిష్ఠ వేగం కన్నా తక్కువ. డ్రైవరు ఎయిర్‌బ్యాగును కొత్తగా తయారయ్యే అన్ని కార్లకూ తప్పనిసరి చేసింది 2019 జూలై 1న, ఆ బోనసు దీపావళి దాటిపోయాక. జీఎల్ఎస్, క్విడ్ ఎదురెదురుగా గుద్దుకుంటే వేగంలో వచ్చే మార్పు చిన్నదానికి మూడున్నర రెట్లకు పైగా ఉంటుంది. గుర్రాలను తినేసిన బరువే అక్కడ తనవాళ్లకు కవచం, ఎదుటివాళ్లకు సమ్మెట. ఈ అంకెను ఏ పండితుడూ జపించడు.

బోనసు కారుకు వంకలు పెట్టడమేమిటంటారా? ధర్మానికొచ్చిన ఆవు పళ్లు చూడరాదని గుజరాతీ సామెత ఉంది. బోనసు ధర్మం కాదు, చేసిన పనికి ఫలం. పైగా ఇక్కడ పళ్లు చూడవలసింది ఇచ్చినవారివి కావు; తయారుచేసినవారివి, అమ్మనిచ్చిన చట్టానివి.

తాత్పర్యం. పరీక్షకులకు మనవి: మూలాన్ని మార్చండి. అయిదుగురు కూర్చున్న బండి నూరు నుంచి సున్నాకు ఎన్ని మీటర్లలో ఆగుతుందో, 64 దగ్గర గుద్దుకుంటే లోపలివారికి ఏమవుతుందో మొదటి పుటలో వేయండి. 7.8ను చివర, చిన్న అక్షరాల్లో వేసుకోండి.