శుక్రవారపు రసజ్ఞుడు

శుక్రవారము లక్ష్మీదేవిదని మనమనుకొందుము గాని, రాక్ సంగీతము పుట్టి పెరిగిన అమెరికా, ఇంగ్లండు దేశములయందు అది క్రొత్త ఆల్బములకు మీదుకట్టబడినది. అంతకుముందు బ్రిటనులో సోమవారమును, అమెరికాలో మంగళవారమును విడుదల ముహూర్తములుగా నుండెడివి. 2015 జూలై 10వ తేదీనుండి ప్రపంచమంతట శుక్రవారమే కావలెనని పరిశ్రమవారు కట్టడి చేసిరి. దానివలన నెవరికేమి లాభించెనో కాని, నేను వర్ణింపబూనిన లండను పురుషునకు మాత్రము గురువారపు రాత్రి నిద్ర శాశ్వతముగా పోయినది. గడియారము పండ్రెండు కొట్టకమునుపే చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని, విశేషణములు సిద్ధముచేసికొని కూర్చుండును. అప్పటికిని మనసునకు శాంతి లేదు. అర్ధరాత్రి ఆక్లండు నగరమునకు ముందుగా వచ్చును గదా. న్యూజిలాండువాడు తనకంటె సుమారు సగము దినము ముందే అభిప్రాయము కలవాడగుట సృష్టిలోని అన్యాయములలో మొదటిదని ఇతని మతము.

ఇతడు నిత్యనూతనాన్వేషియని ప్రసిద్ధి. చిత్రమేమనగా, క్రొత్తదానికై ఇంతగా తపించు నీ మహానుభావుని పాండిత్యమంతయు, వచ్చినది క్రొత్తది కాదని నిరూపించుటకే వ్యయమగుచుండును. తొలిసారి మీటిన గిటారు తీగ కంపన మింకను ఆగకమునుపే, పెండ్లిసంబంధము మాటాడవచ్చిన పెద్దమనిషి గోత్రమడిగినట్లు, పాటకు వంశవృక్షము విప్పును: డ్రమ్ములు జర్మనీ దేశపు కాన్ బృందమువారివి, బేసు జాయ్ డివిజనువారిది, గిటారుల హోరు 1991లో మై బ్లడీ వాలెంటైనువారు వెలువరించిన ‘లవ్‌లెస్’ ఆల్బమునుండి దిగినది, గాయకుని నిర్లిప్తత మాత్రము లూ రీడుగారి పిత్రార్జితము. పాడిన కుఱ్ఱవారు “వారినెవరిని మేము వినలేద”న్నచో అజ్ఞానమనును, “విన్నామ”న్నచో చౌర్యమనును. ఎప్పుడైన ఏ పూర్వికునికిని చెందని ధ్వని చెవినిబడెనేని, క్షణకాలము కలతనొంది, పిదప తేరుకొని, తెలిసిన శాఖ యొకదానికి ముందు ‘పోస్ట్’ తగిలించి, ఆ అనాథను అందు చేర్పించి, సుఖముగా నిట్టూర్చును.

ఇక మార్కుల సంగతి. పూర్వము రాబర్టు క్రిస్ట్‌గావు అను అమెరికా విమర్శకుడు 1969 మొదలు ఆల్బములకు అక్షరశ్రేణులు వేసెను. తరువాత పిచ్‌ఫోర్కు అను సంగీతపత్రికవారు సున్న మొదలు పదివఱకు దశాంశములతో తూచిరి. మనవాడు దశాంశపక్షపాతి. అయితే ఇతడు వేయు మార్కు ప్రాయికముగా 7.3, దీనికి భయము తప్ప వేఱు హేతువు లేదు. 1969లో లెడ్ జెపెలిన్‌వారి తొలి ఆల్బమును, 1970లో బ్లాక్ సబ్బాతువారి తొలి ఆల్బమును ‘రోలింగ్ స్టోన్’ పత్రిక తీసిపాఱవేసినదని ఇతడెఱుగును. ఆ తీర్పులను తలచుకొని జనము నేటికిని నవ్వుచుండుటయు నెఱుగును. తాను 7.3 వేసిన బృందము రేపు అమరత్వము నొందినచో “ఏడు దాటించితిని గదా” యనవచ్చును, అడుగంటినచో “ఎనిమిది వేసితినా?” యని ఎదురడుగవచ్చును. వకీళ్లలో సైత మింతటి ముందుచూపు అరుదు.

ఒక్క రికార్డు విషయమున మాత్రము ఇతని ధైర్యము హద్దులు దాటును. లూ రీడు 1975లో ‘మెటల్ మెషీన్ మ్యూజిక్’ అను పేర రెండు రికార్డుల ఆల్బమొకటి వెలువరించెను. నాలుగు ప్రక్కలను పాట లేదు, డ్రమ్ము లేదు, ఆంప్లిఫయరు ముందు నిలిపిన గిటారుల ఆర్తనాద మొక్కటే కలదు. దానికి ఇతడు పదికి పది వేసెను. ఇంటికి వచ్చిన అతిథుల నెల్ల నిలిపి, నాలుగవ ప్రక్క ముగింపులోని ప్రశాంతి వర్ణనాతీతమని కన్నులు అరమోడ్చి చెప్పును. ఆ నాలుగవ ప్రక్క చివరి గాడి తనలోనికే తిరిగివచ్చునట్లు చెక్కబడినది. మనుష్యుడు లేచి ముల్లు తీసినగాని అది ముగియనే ముగియదు. అతిథులలో నీ సంగతి యెఱిగినవా రుండకపోరు, కాని భోజనమింకను వడ్డింపలేదు గదా యని ఊరకుందురు.

నవంబరు వచ్చుసరికి ఇతనికి వార్షిక పట్టికల జ్వరము తగులును. వత్సరమింకను ముగియకమునుపే ఆ వత్సరపు ఉత్తమ ఆల్బములు నిర్ణయమైపోవును గావున, డిసెంబరులో పుట్టిన ఆల్బమునకు జాతకమే లేదు: ఆ యేటి పట్టికకు ఆలస్యము, మఱుసటి యేటికి పాతది. ది క్లాష్ బృందమువారి ‘లండన్ కాలింగ్’ బ్రిటనులో 1979 డిసెంబరు 14న వెలువడి, అమెరికాకు 1980 జనవరిలో చేరినది. ఆ నెల వాసి పట్టుకొని ‘రోలింగ్ స్టోన్’వారు దానిని ఎనుబదుల దశాబ్దమున సర్వోత్తమ ఆల్బముగా ప్రకటించిరి. ఈ అపచారమును ఖండించుచు ఇతడు నేటికిని లేఖలు వ్రాయుచునే యున్నాడు. వానిలో నొకదానిని నేను చదివితిని. గ్రీనిచ్ కాలమానముపై దీర్ఘచర్చ కలదు, అట్లాంటికు దాటు నోడల వేగముపై నొక పరిచ్ఛేదము కలదు. పాటల ప్రసక్తి ఒక్కచోట వచ్చును, అదియు అడుగున, చిన్న అక్షరములలో.