గాలికి కూడా కరెంటు బిల్లే!

మా రోజుల్లో మిరపనారు పొయ్యాలంటే ముందు ఆకాశం వంక చూసేవాళ్ళం. ఇప్పుడు మా మనవడు మీటరు వంక చూస్తున్నాడు.

నాలుగు వానలు పడి నేల చల్లబడ్డాక, గంపలగూడెంలో మా బావి దగ్గర నీళ్ళు నిలవని మెరకలో మడి కట్టేవాళ్ళం. మీటరు వెడల్పు, జానెడు ఎత్తు, చుట్టూ కాలువ. ఎకరానికి సెంటు నారుమడి, 650 గ్రాముల విత్తనం. పైన పల్చగా వరిగడ్డి. పొద్దున్నే చిల్లుల డబ్బాతో నీళ్ళు. మొలక తల ఎత్తిన సాయంత్రమే గడ్డి తీసెయ్యాలి. ఒక్కరోజు బద్ధకిస్తే నారు పీలగా సాగి, మెడ వాల్చేసేది. గాలా? అది అడక్కుండానే వచ్చేది, బిల్లు లేకుండా పోయేది.

2022లో మా ఊరి జిల్లా పేరు కృష్ణా నుంచి ఎన్టీఆర్‌కు మారినట్టే మా నారుమడి కూడా పేరు మార్చుకుంది. ఇప్పుడది పాలీహౌస్. మట్టి బదులు కొబ్బరిపొట్టు, మడి బదులు ప్లాస్టిక్ ట్రేలు. ఒక పక్క గోడ నిండా తడి ప్యాడ్లు, ఎదురు గోడకు నా ఎత్తు ఫ్యాన్లు. ఫ్యాన్లు గాలిని బయటికి లాగుతుంటే, కొత్త గాలి తడి ప్యాడ్లలోంచి చల్లబడి లోపలికొస్తుందట.

"కొత్త టెక్నాలజీ తాతయ్యా" అన్నాడు వాడు.

"ఏం కొత్తరా? నా చిన్నప్పుడు ఉన్నోళ్ళ ఇళ్ళలో కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. నువ్వు ఫ్యాను తగిలించావు, అంతే."

నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. రోహిణి కార్తెలో వడగాలి పొడిగా ఉంటుంది కనుక ఆ కిటుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ మనం నారు పోసేది జూలై, ఆగస్టుల్లో. అప్పటికే గాలి కడుపు నిండా నీళ్ళు తాగి ఉంటుంది. ఇక ప్యాడ్ల నీళ్ళేం తాగుతుంది? చల్లదనం రాదు, ఉక్క పెరుగుతుంది. వానాకాలం తలుపులన్నీ మూసి కూలర్ వేసుకుని పడుకున్న వాడిని అడగండి, చెబుతాడు.

పోయినేడు అదే అయింది. ప్యాడ్ల గాలి పక్కదారి పట్టకూడదని తెరలన్నీ దించి ఉంచాలని బిగించిన కుర్రాడు చెప్పి వెళ్ళాడు. కరెంటు పోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఒక మధ్యాహ్నం రెండు గంటలు పోయింది. నేను తెర ఎత్తి లోపలికెళితే కళ్ళజోడు మసకబారింది. రెండు రోజుల తర్వాత మూల ట్రేల్లో మొక్కలు మొదలు దగ్గర ఉడికిన తోటకూర కాడల్లా మెత్తబడి, వరసగా వాలిపోయాయి. నారుకుళ్ళు! మా మళ్ళలో రాలేదా అంటే వచ్చేది. లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిపేవాళ్ళం. కానీ దానికోసం ఇల్లు కట్టి పిలిచిన పాపాన పోలేదు.

వల సంగతి మాత్రం ఒప్పుకుంటా. అంగుళానికి 40 కన్నుల వల కట్టాక తెల్లదోమ లోపలికి రావడం లేదు. ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది ఆ దోమే. ఆరుబయట మడిలో నారు ఇంత శుభ్రంగా నేనెప్పుడూ పెంచలేదు. అయితే పురుగును ఆపే కన్ను గాలిని కూడా ఆపుతుంది. అందుకే వల సన్నబడే కొద్దీ దాని వైశాల్యం పెంచాలి. వీడేమో సన్నవల తెచ్చి చిన్న కిటికీలకు కట్టాడు. పైగా నారు దాకా వల కప్పావు సరే, పొలానికి ఎవడు కప్పుతాడు? 2021లో నల్ల తామరపురుగు పూతలో దూరి తోటలకు తోటలు ఊడ్చెయ్యలేదూ?

మా అమ్మ వంటింటి కప్పుకు పొగగూడు పెట్టించింది. వేడి పైకి పోతుందని ఆవిడకు ఏ ఇంజనీరూ చెప్పలేదు. పాలీహౌస్‌కూ అంతే: నడినెత్తిన ఒక సందు, రెండు పక్కలా చుట్టి ఎత్తే తెరలు, వాటి వెనక వెడల్పాటి వల. నీళ్ళు పొద్దున్నే పొయ్యాలి, చీకటి పడేసరికి ఆకు ఆరాలి. నాటే వారం ముందు నీళ్ళు తగ్గించి, ఎండకూ గాలికీ అలవాటు చెయ్యాలి. లేకపోతే పొలంలో పెట్టిన మధ్యాహ్నానికే, ఏసీ కారు దిగిన పెళ్ళికొడుకులా వాడిపోతుంది.

ఈ ఏడు వాడు తెరలు ఎత్తించాడు, కప్పుకు సందు పెట్టించాడు. వానాకాలం ప్యాడ్లకు నీళ్ళు ఆపేశాడు. నా మాట విని కాదట, మీటరు చెప్పిందట! సరే, ఎవరు చెబితేనేం.

ప్యాడ్లు పీకేస్తానంటే మాత్రం నేనే వద్దన్నా. ఎండాకాలం నారు ఉండదు, గది ఖాళీ. ఫ్యాన్లు వేసి, ప్యాడ్ల పక్కన నా నులకమంచం వేయించమన్నా. పెట్టిన డబ్బుకు అప్పుడైనా గిట్టుబాటవుతుంది.