మూడు మీదే ఉండనివ్వండి నాన్నా!

మా ఇంట్లో కాలాలు గదుల్ని బట్టి మారేవి. ఇంగ్లండులో 1930ల నాటి ఇల్లు మాది. ముందు గదిలో రోహిణీ కార్తె, వెనక పడగ్గదిలో పుష్యమాసం. జనవరిలో అక్కడ కిటికీలు తెరుచుకుని, ఇక్కడ మంకీ క్యాపు పెట్టుకుని బతికేవాళ్ళం. నేరమంతా రేడియేటర్ల పాత వాల్వులది. ఈ ఇంట్లో ఉండి వెళ్ళిన ప్రతివాళ్ళూ గోడలకి రంగేసినప్పుడల్లా వాటికీ ఓ పూత పూసి పుణ్యం కట్టుకున్నారు. తిప్పితే రంగు పెచ్చులు రాలేవి, నీళ్ళు మాత్రం ఆగేవి కావు.

వాటిని పీకించి థర్మోస్టాటిక్ వాల్వులు వేయిద్దామన్నాను. డెన్మార్క్‌లో డాన్‌ఫాస్ కంపెనీ పెట్టిన మాడ్స్ క్లౌసెన్ 1943లోనే కనిపెట్టిన సరుకది. దాని తలకాయలో మైనమో ద్రవమో ఉంటుంది. గది వెచ్చబడితే అది ఉబ్బి కిందున్న పిన్నుని నొక్కుతుంది, వేడినీళ్ళకి దారి మూసుకుపోతుంది. చల్లబడితే మళ్ళీ తెరుచుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు.

తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారు విద్యుత్ శాఖలో రిటైరయ్యారు. "వైరు లేకుండా దానికెలా తెలుస్తుందిరా?" అన్నారు.

ప్లంబరు వచ్చాడు. ఆ వృత్తిలో వాళ్ళు ఏ దేశం వాళ్ళైనా ముందు అడిగేది ఒకటే: "ఎవరు చేశారండీ ఈ పని?" మేం కాదన్నాక శాంతించి, రేడియేటర్లలో నీళ్ళన్నీ బకెట్లలోకి వదిలాడు. కాటుక నలుపు! లోపల ఇనుము తుప్పు పట్టి అలా అవుతుందట. ఓ అయస్కాంతం ముంచి తీస్తే దానికి నల్లటి నూగు మొలిచింది. అమ్మ హడలిపోయింది. స్నానాల గదిలో వచ్చే నీళ్ళు వేరే, ఇవి రేడియేటర్లలో తిరిగే నీళ్ళు అని ఎంత చెప్పినా, ఆ పూట స్నానం మానేసింది.

నడవాలో మాత్రం కొత్త వాల్వు పెట్టనన్నాడు ప్లంబరు. బాయిలర్‌ని ఆపే థర్మోస్టాట్ ఆ గోడకే ఉంది. ఒక్క చోట ఇద్దరు పెత్తందార్లుంటే ఇది మూసేస్తుంది, అది ఇంకా చలే అనుకుంటుంది, బాయిలర్ ఊరికే మండుతూనే ఉంటుంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళం, మాకు వెంటనే అర్థమైంది.

అర్థంకానిది అంకెల సంగతి. వాల్వు మీద 1 నుంచి 5 దాకా ఉంటాయి. నాన్నగారి దృష్టిలో అది ఫ్యాన్ రెగ్యులేటరే. లోపలికి రాగానే అయిదు! అయిదులో పెడితే గది తొందరగా వేడెక్కదు, ఎక్కాక ఆగదు, అంతే. మూడంటే సుమారు ఇరవై డిగ్రీలు, అక్కడే ఉండనివ్వండి అని నేను. "మరి అయిదెందుకు పెట్టాడు వాడు?" అని ఆయన. పైగా తడి తువ్వాలు తీసుకెళ్ళి సరిగ్గా వాల్వు తలమీదే ఆరేసేవారు. తువ్వాలు కింద చిక్కుకున్న వేడికి గదంతా వెచ్చబడిందనుకుని వాల్వు మూసుకునేది. ఆయన వణుకుతూ, "చెప్పానా, వైరు లేదని!" అనేవారు.

అసలు దెబ్బ శనివారం తగిలింది. ఇడ్లీ పిండి పొంగలేదు. ఇన్నాళ్ళూ ముందు గదిలో చెడిపోయిన వాల్వు పుణ్యాన మండిపోయే రేడియేటరే ఆ గిన్నెని పొంగించేదన్న సంగతి అప్పుడు బయటపడింది. "బాగున్నదాన్ని పీకించావు కదరా," అంది అమ్మ, గట్టిపడ్డ ఇడ్లీని గరిటెతో కొట్టి చూపిస్తూ. దానికి నా దగ్గర జవాబు లేదు. నాన్నగారి దగ్గరుంది. ఇప్పుడు ముందు గది వాల్వుకి ఓ కాగితం వేలాడుతోంది, స్కెచ్ పెన్నుతో ఆయన దస్తూరీ: "శుక్రవారం 5. పిండి ఉన్నది. ఎవరూ ముట్టరాదు."