ఫీజు తిరిగొచ్చే దారి, బళ్ళారి మీదుగా

కాలేజీలో చేరి మధ్యలో మానేసిన విద్యార్థికి ఎంత ఫీజు తిరిగి రావాలన్నది తేదీని బట్టి ఉంటుంది. ఎంత వస్తుందన్నది తండ్రి చెప్పుల మన్నికను బట్టి ఉంటుంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయింది. అదే జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు మిగిలాయి. గీత గీసినంత మాత్రాన బస్సులు ఆగలేదు. పిల్లలు చదువుకు ఇప్పటికీ అటు పోతూనే ఉంటారు. బళ్ళారి హాస్టల్లో పెట్టె దించీ దించకముందే ఆంధ్రలో రెండో విడత కౌన్సెలింగ్ వస్తుంది. సొంత రాష్ట్రంలో సీటు! ఇంటిల్లిపాదికీ పండగే. డబ్బు మాత్రం అక్కడే ఉండిపోతుంది.

నియమాలు చూస్తే కడుపు నిండుతుంది. యూజీసీ 2018లో చెప్పిన లెక్క ఇది: అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటున్నానని రాసిస్తే ఫీజంతా ఇవ్వాలి, ఖర్చుల పేర 5 శాతం, అదీ 5,000 రూపాయలు దాటకుండా, పట్టుకోవచ్చు. ఆ తర్వాత గడువు లోపలైతే 90 శాతం, గడువు దాటిన 15 రోజుల దాకా 80, నెల దాకా 50. ఆ పైన సున్నా. కాషన్ డిపాజిట్ పూర్తిగా తిరిగివ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో దాచుకోకూడదు. 2024-25కైతే ఇంకా దయతలచి, సెప్టెంబరు 30 దాకా మొత్తం, అక్టోబరు 31 దాకా వెయ్యికి మించకుండా కోసుకుని మిగతాది ఇవ్వమంది.

కాలేజీలకూ ఒక బాధ ఉంది: నడిమధ్యలో ఖాళీ అయిన సీటు కోర్సు అయ్యేదాకా ఖాళీయే. 2003లో కర్ణాటకకు చెందిన ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు దీనికీ దారి చూపింది. ఏ ఏడాది ఫీజు ఆ ఏడాదే తీసుకోవాలి. పిల్లవాడు వెళ్ళిపోతాడన్న భయముంటే బాండో, బ్యాంకు గ్యారంటీయో అడగవచ్చు.

కౌంటరు దగ్గర వేరే శాస్త్రం నడుస్తుంది. దెయ్యం తలుపు తట్టకుండా కన్నడనాట గోడ మీద 'నాళె బా' అని, ఇవతల 'ఓ స్త్రీ రేపు రా' అని రాసేవారు. దెయ్యాల సంగతేమో గాని, ఫీజు అడగవచ్చిన తండ్రుల మీద ఆ మంత్రం రెండు భాషల్లోనూ పారుతుంది. "ప్రిన్సిపాల్ సార్ ఊళ్ళో లేరప్పా, నాళె బన్ని." మర్నాడు సారుంటారు, అకౌంటెంటు ఉండడు. ఆయనొచ్చిన నాడు బీరువా తాళంచెవి ఉండదు. ఇలా ఎవరూ కాదనకుండానే 80 శాతం 50 అవుతుంది, నెల దాటితే లెక్కే అక్కర్లేదు.

నోటిమాటకు తేదీ ఉండదు. అందుకే మానుకోవాలనుకున్న రోజే కాగితం రాసివ్వండి, నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ఆ తర్వాత ఎన్ని రేపులైనా చెప్పనివ్వండి.