ఒక రణపాల ఆత్మకథ

ఆత్మకథ అన్నాక పుట్టిన తేదీ, పుట్టిన చోటు ముందుగా చెప్పడం ఆచారం; కాని ఇక్కడ తన కథ చెప్పుకొంటున్న రణపాల మొక్కకు ఆ రెండింటినీ నిర్ణయించడం తేలిక కాదు. అది విత్తనం నుంచి మొలకెత్తినది కాదు; మరొక రణపాల ఆకు అంచున ఉన్న ఒక నొక్కులో, తల్లి శరీరంలోని కణాల నుంచే మొగ్గగా మొదలై, వేరూ చిగురూ తొడిగి, విడి బతుకు సాగించినది. ఆ తల్లి కూడా ఇంకొక ఆకు నుంచి అలాగే వచ్చింది. కాబట్టి ఈ మొక్క వయస్సును కాకినాడలోని ఒక ఇంటి తూర్పు వసారాలో, మట్టి కుండీలో నాటిన నాటి నుంచి లెక్కించాలా, లేక ఆకు నుంచి ఆకుకు తెగకుండా సాగివస్తున్న కణాల పరంపర నుంచి లెక్కించాలా అన్న ప్రశ్నకు వృక్షశాస్త్రం సైతం ఒక్క మాటలో జవాబు చెప్పదు. ఈ కథలో మాత్రం ఆ రెండు లెక్కలూ కలిసే నడుస్తాయి.

ఆ పరంపరకు మూలస్థానం మడగాస్కర్ ద్వీపం. క్రాసులేసి కుటుంబానికి చెందిన ఈ జాతిని నేటి శాస్త్రజ్ఞులు కలాంకో పిన్నేటా అంటారు. బ్రయోఫిల్లం అన్న పాత పేరు పాఠ్యపుస్తకాల్లో ఇంకా చెల్లుతూనే ఉంది. 1805లో ఇంగ్లండులో సాలిస్‌బరీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పేరుతో దీన్ని వర్ణించాడు. ఆ శతాబ్ది తొలినాళ్ళకే ఇది భారతదేశపు తోటల్లో పెరుగుతుండేది. కాకినాడకు పక్కనే ఉన్న సామర్లకోటలో 1781 నుంచి ఈస్టిండియా కంపెనీ కొలువులో మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోగా, ఆ స్థానంలోకి బెంజమిన్ హైన్ అనే జర్మన్ మిషనరీ వచ్చాడు. రణపాల వంశచరిత్రలో అన్నిటికంటె విలువైన పత్రం ఆ హైన్ రాసినదే. 1813లో లండన్ నుంచి లాంబర్ట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి రాసిన ఉత్తరంలో, ఈ మొక్క ఆకు పొద్దున్నే నమిలితే చుక్కకూర అంత పుల్లగా ఉంటుందనీ, పొద్దెక్కేకొద్దీ ఆ పులుపు తగ్గి మధ్యాహ్నానికి రుచే లేకుండా పోతుందనీ, సాయంత్రానికి కాస్త చేదెక్కుతుందనీ అతడు తెలియజేశాడు. ఆ ఉత్తరం 1815లో లిన్నేయన్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. ఏ పరికరమూ లేకుండా, నాలుకనే కొలబద్దగా చేసుకొని, పూటపూటకూ ఆకు నమిలి చూసిన ఆ ఓపికకు ఈ మొక్క ఎంతో రుణపడి ఉన్నది. తన శరీరంలో రాత్రివేళ జరిగే పనిని మనుషులు గుర్తించడానికి ఆ ఓపికే దారి తీసింది.

ఆ రాత్రి పని ఏమిటో వివరించాలి, ఎందుకంటే ఈ మొక్కను పెంచే పద్ధతి అంతా దాని మీదనే నిలిచి ఉంది. మొక్కలు ఆహారం తయారుచేసుకోవడానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఆకుల మీది పత్రరంధ్రాల ద్వారా, అంటే కంటికి కనిపించనంత చిన్న ద్వారాల ద్వారా, లోపలికి తీసుకొంటాయి. ఆ ద్వారాలు తెరిచి ఉన్నంతసేపూ ఆకులోని నీరు ఆవిరై బయటికి పోతూనే ఉంటుంది. వరి, వంగ, బెండ వంటి మొక్కలు వాటిని పగలే తెరుస్తాయి గనుక ఎండ ముదిరేకొద్దీ నీరు ఎక్కువగా కోల్పోతాయి. రణపాల ఎండవేళ వాటిని మూసి ఉంచి, చల్లబడిన రాత్రిపూట తెరుస్తుంది. అప్పుడు లోపలికి వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా మార్చి, కణం మధ్యలో నీటి సంచిలా ఉండే రిక్తికలో దాచుకొంటుంది. తెల్లవారి వెలుగు పడ్డాక రంధ్రాలు మూసుకొని, ఆ ఆమ్లాన్ని విడగొట్టి, వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌తో మామూలు కిరణజన్య సంయోగక్రియ సాగిస్తుంది. హైన్ నాలుకకు పొద్దున తగిలిన పులుపు రాత్రంతా కూడబెట్టిన ఆ ఆమ్లమే. మధ్యాహ్నానికి అది ఖర్చయిపోయింది. ఈ విధానానికి శాస్త్రజ్ఞులు ఈ కుటుంబం పేరే పెట్టి క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అన్నారు. అనాస, నాగజెముడు, అనేక ఆర్కిడ్లు ఇదే దారిలో నడిచినా, పేరు మాత్రం రణపాల కుటుంబానికే దక్కింది.

ఇక్కడ ఒక అపోహను సరిదిద్దక తప్పదు. రాత్రిపూట పత్రరంధ్రాలు తెరిచే మొక్కలు రాత్రి ఆక్సిజన్ విడుదల చేస్తాయనీ, పడకగదిలో పెట్టుకొంటే గాలి శుద్ధి అవుతుందనీ నర్సరీల్లో చెప్పి అమ్ముతున్నారు. ఆక్సిజన్ వెలువడేది వెలుతురులో నీటి అణువు విడిపోయినప్పుడే. చీకటిలో ఈ మొక్క కూడా మిగిలిన ప్రాణుల వలెనే శ్వాసక్రియకు ఆక్సిజన్ వాడుకొంటుంది. తనది కాని గొప్పను ఈ మొక్క కోరదు, అసలు గొప్ప తక్కువేమీ కాదు గనుక. ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్‌ను సంపాదించడానికి సాధారణ మొక్క సుమారు 400 నుంచి 500 గ్రాముల నీటిని ఆవిరిగా కోల్పోతే, ఈ జీవక్రియ గల మొక్కకు 50 నుంచి 100 గ్రాములు చాలు. దానికి తోడు మందమైన ఆకులు తామే నీటి నిల్వలు. ఇలా ఆకుల్లోనో కాండంలోనో నీరు దాచుకొనే మొక్కలనే సక్యులెంట్లు, అంటే రసభరితమైన మొక్కలు, అని పిలుస్తారు.

తక్కువ శ్రమతో పెరిగే మొక్క అన్న మాటకు అసలు అర్థం ఈ లెక్కలోనే ఉంది. నీటి ఆదాయవ్యయాలను మొక్క తానే సరిచూసుకొంటుంది. పెంచేవారి పని ఆ లెక్కను చెడగొట్టకుండా ఉండటం. కాని కుండీలోని పచ్చని మొక్కను చూడగానే నీళ్ళు పోయాలన్నది తెలుగిళ్ళలో ప్రేమకు పరమ సహజమైన రూపం, తులసికోట దగ్గర తరతరాలుగా అలవడిన గుణం. తులసికి ఆ ప్రేమ సరిపోతుంది, రణపాలకు సరిపోదు. మట్టిలోని గాలి ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేళ్ళకు ఆక్సిజన్ అందదు. అందని వేళ్ళు చనిపోతాయి. చనిపోయిన వేళ్ళను శిలీంధ్రాలు, శిలీంధ్రాల వంటి సూక్ష్మజీవులు ఆక్రమించి పైకి పాకుతాయి. దీన్నే వేరుకుళ్ళు అంటారు. ఇందులో మరీ ప్రమాదకరమైన విషయం ఏమిటంటే, వేళ్ళు కుళ్ళిన మొక్క పైకి నీళ్ళు పీల్చలేదు గనుక దాని ఆకులు వాడినట్టే కనబడతాయి, అది చూసి ఇంటివారు మరిన్ని నీళ్ళు పోస్తారు. తేడా చేతికి తెలుస్తుంది: దాహంతో ఉన్న ఆకు పలచబడి, ముడతలు పడి, తోలులా వంగుతుంది; కుళ్ళు సోకిన మొక్క ఆకు కింది వరస నుంచి పసుపెక్కి, నీరు కారినట్టు మెత్తబడి, ముట్టుకొంటే ఊడి చేతికి వస్తుంది.

కాబట్టి వేలును మట్టిలోకి రెండు కణుపుల లోతుకు దించి, తడి తగలనప్పుడే నీళ్ళు పోయాలి; పోసినప్పుడు కుండీ అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, కింది పళ్ళెంలో నిలిచినదాన్ని పారబోయాలి. వేసవిలో ఇది వారానికి ఒకటి రెండుసార్లు కావచ్చు. కాకినాడ వంటి తీరంలో వానాకాలపు తేమగాలికి రెండు వారాలు గడిచినా మట్టి ఆరకపోవచ్చు. రోజులు లెక్కపెట్టి పోసేవారికంటె మట్టిని తాకి చూసి పోసేవారి చేతిలో ఈ మొక్క ఎక్కువ కాలం బతుకుతుంది. కుండీలోకి ఎర్రమట్టి, ముతక ఇసుక సమపాళ్ళలో కలిపి, బాగా మాగిన పశువుల ఎరువు అందులో కొద్దిగా చేర్చితే చాలు. ఇసుక ఏటిదై ఉండాలి. సముద్రపు ఇసుకలోని ఉప్పు వేళ్ళ నుంచి నీటిని లాగేస్తుంది. మట్టి కుండీ గోడల గుండా కూడా తేమ ఆవిరవుతుంది గనుక, ప్లాస్టిక్ కుండీకంటె అదే మేలు.

ఒక వానాకాలంలో ఈ మొక్క మొదలు మెత్తబడినప్పుడు, ఇంటి పెద్దావిడ కుళ్ళిన భాగం పూర్తిగా పోయేదాకా కాండాన్ని కింది నుంచి కోసి, మిగిలిన కొసను కోసిన చోటు ఆరడానికి నాలుగైదు రోజులు నీడలో ఉంచి, తరువాత పొడి మట్టిలో గుచ్చింది. కోత ఆరి పైపొర గట్టిపడటం ముఖ్యం. పచ్చి గాయంతో తడి మట్టిలో పెడితే కుళ్ళు మళ్ళీ మొదలవుతుంది. ఇప్పుడు ఈ కథ చెబుతున్నది ఆ కొస నుంచి తిరిగి వేరూనిన శరీరమే. అప్పుడు కింద రాలిన ఆకులు కూడా వృథా కాలేదు.

ఆకు నుంచి మొక్క పుట్టడం ఈ జాతికి సహజమైన శాకీయ ప్రత్యుత్పత్తి, అంటే పువ్వు, విత్తనాలతో పని లేని సంతానోత్పత్తి. ఆకు అంచున ప్రతి నొక్కులోనూ ఒక మొగ్గ నిద్రాణంగా ఉంటుంది. ఆకు చెట్టుకు అంటి ఉన్నంతకాలం అది సాధారణంగా మేలుకోదు, తెగి నేల మీద పడితే కొద్ది వారాల్లో వేళ్ళూ చిట్టి ఆకులూ పుట్టుకొస్తాయి. దీనికి దగ్గరి బంధువైన, సన్నని ఆకుల కలాంకో డైగ్రెమోంటియానా మాత్రం చెట్టున ఉండగానే అంచుల నిండా పిల్లమొక్కలు తొడిగి రాల్చుకొంటుంది. మొక్కల అవయవాలన్నీ ఆకు అనే ఒకే మూలరూపం నుంచి మారినవేనని 1790లోనే రాసిన జర్మన్ కవి గొథే, ఈ మొక్కను వైమార్‌లో స్వయంగా పెంచి మిత్రులకు పంచాడు. 1826లో ఆ మిత్రుల్లో ఒకరైన మరియాన్నె ఫాన్ విల్లెమర్‌కు ఆకు పంపుతూ దానికి పద్యం జతచేశాడు. జర్మనీలో దీన్ని నేటికీ గొథే మొక్క అంటారు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో జాక్ లోబ్ అనే జీవశాస్త్రజ్ఞుడు వేలకొద్దీ రణపాల ఆకులను తూచి, కత్తిరించి, ఒకే పరిస్థితుల్లో ఉంచితే ఆకు ద్రవ్యరాశిని బట్టే దాని నుంచి పుట్టే చిగుళ్ళ, వేళ్ళ ద్రవ్యరాశి ఉంటుందని చూపించాడు. కవి ఆశ్చర్యమూ శాస్త్రవేత్త త్రాసూ ఒకే ఆకు మీద కలుసుకోవడం ఈ వంశానికి దక్కిన గౌరవం. ఇంటి తోటకు పనికొచ్చే మాట కూడా అందులో ఉంది: మొలకకు పెట్టే ఆకు ముదిరి, బరువుగా, నిండుగా ఉండాలి. దాన్ని మట్టిలో పాతనక్కరలేదు, తడి ఇసుక మీద పరిస్తే చాలు.

వెలుతురు విషయంలో ఇది మధ్యేమార్గి. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగిలే తూర్పు వసారా దీనికి శ్రేష్ఠం. మే నెల మధ్యాహ్నపు ఎండకు ఆకులు ఎర్రబారి, మచ్చలు పడి మాడతాయి, చీకటి మూలల్లో కాండం సన్నగా సాగి, కణుపుల మధ్య దూరం పెరిగి వాలిపోతుంది. పూతకు వెలుతురు ఒక్కటే చాలదు, దాని క్రమం కూడా కావాలి. పగటి నిడివిని బట్టి పూయడాన్ని కాంతికాలావధి అంటారు. రణపాలకు మొదట పొడవైన పగళ్ళు, తరువాత పొట్టి పగళ్ళు వరసగా అందాలి. వేసవి, ఆపై శీతాకాలం ఆ వరసను సహజంగానే సమకూర్చుతాయి గనుక సంక్రాంతి తరువాత, నిటారు కాడ మీద గాలి నింపిన కాగితపు గొట్టాల వంటి రక్షకపత్రావళులు వేలాడతాయి, వాటి కొసల నుంచి ఎర్రని పూలు తొంగి చూస్తాయి. పూసిన కాడ ఎండాక దాన్ని మొదటికి కోసేస్తే పక్క పిలకలు బలపడతాయి.

తెల్లని పిండినల్లి కణుపుల్లో చేరితే తడిగుడ్డతో తుడిచి వేపనూనె ద్రావణం చల్లడం సరిపోతుంది. రెడ్ పైరో అనే సీతాకోకచిలుక సంగతి వేరు. నలుపు తెలుపు రెక్కల మీద నారింజ ఎరుపు పట్టీ ఉండే ఈ సీతాకోకచిలుక కలాంకో మొక్కల మీదనే గుడ్లు పెడుతుంది. దాని గొంగళిపురుగు ఆకులోకి దూరి, పై పొరా కింది పొరా మిగిల్చి, మధ్య గుజ్జు తినేస్తుంది. నాలుగు ఆకులు పోగొట్టుకొన్నా మళ్ళీ చిగిర్చే శక్తి ఈ మొక్కకు ఉంది, ఆ పురుగుకు మాత్రం మరో తిండి లేదు. అందువల్ల మందు కొట్టవద్దనే ఈ మొక్క అభిమతం.

రణపాలను వైద్యం పేరుతో వాడటం గురించి గట్టిగా చెప్పవలసి ఉంది. మూత్రపిండాల్లో రాళ్ళు కరుగుతాయని పరగడుపున ఆకులు నమిలే అలవాటు తెలుగునాట బాగా వ్యాపించింది. ఈ ఆకుల్లో బుఫాడైఎనోలైడ్లు అనే, గుండె కొట్టుకొనే తీరును మార్చగల విషపదార్థాలు ఉన్నాయి. కలాంకో జాతులను మేసి పశువులు చనిపోయిన ఉదంతాలు ఆస్ట్రేలియాలో నమోదయ్యాయి. నొప్పితో బాధపడేవారు వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి, ముఖ్యంగా గుండెజబ్బుకు మందులు వాడేవారు ఈ ఆకును నోట పెట్టకూడదు. దూడలకూ మేకలకూ అందేచోట కుండీ ఉంచకూడదు.

కత్తిరించిన ఆకులను ఖాళీ స్థలాల్లోకి, కాలువగట్ల మీదికి విసరడం కూడా తగదు. గలాపగోస్ దీవుల్లోనూ హవాయిలోనూ తోటల నుంచి తప్పించుకొన్న రణపాల దట్టంగా అల్లుకొని స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేసింది. ఒక్క ఆకు నేల మీద పడితే చాలు గనుక దాన్ని పెరికివేయడం అక్కడివారికి తీరని పని అయింది. మిగిలిన ఆకులను ఎండలో పరిచి, పూర్తిగా ఒరుగులయ్యాకే ఎరువు గుంటలో వేయాలి. నీరు దాచుకొన్న ఆకు తొందరగా చావదు గనుక అందుకు చాలా రోజులే పడుతుంది. ఆలోగా అంచున వేరు కనబడిన ఆకును ఏరి, పెంచుకొంటానన్న పొరుగింటివారికి కుండీతో సహా ఇవ్వవచ్చు.