ఏ గద్దెకా కుంచె

మన చోడవరం 2022లో విశాఖ జిల్లా వదిలి అనకాపల్లి జిల్లాలో చేరింది గానీ, ఆచారం మాత్రం మారలేదు. ఎన్నికల ఫలితం తేలిందంటే చాలు, కూడలిలో కొత్త ఫ్లెక్సీ లేచి నిలబడుతుంది. నిన్న ఒక నాయకుడి పక్కన నవ్విన ముఖమే ఇవాళ ఇంకొకరి పక్కన నవ్వుతుంది. కండువా రంగొక్కటే మారుతుంది.

ఈ విద్యలో ఆరితేరిన గురువు ఫ్రాన్స్‌లో పుట్టాడు. పేరు జాక్ లూయీ దవీద్. పదహారో లూయీ సర్కారు కోసం బొమ్మలేసి పేరు తెచ్చుకుని, 1793లో అదే లూయీ తల తీయాలని ఓటేశాడు. విప్లవ నాయకుడు రోబెస్పియర్‌తో కలిసి విషమైనా తాగుతానన్నాడు. తీరా ఆ పెద్దమనిషి కూలిన రోజు సభకే రాలేదు, ఒంట్లో నలతట! తర్వాత నెపోలియన్ వచ్చాడు. కంచరగాడిద మీద ఆల్ప్స్ దాటినవాణ్ణి బొమ్మలో ముందుకాళ్లెత్తిన గుర్రమెక్కించాడు. పట్టాభిషేకానికి రానేరాని నెపోలియన్ తల్లిని నట్టనడుమ కూర్చోబెట్టాడు. మన ఫ్లెక్సీ షాపు కుర్రాడికి కంప్యూటరుంది, ఆయనకు కుంచె ఉంది, అంతే తేడా.

అయినా దవీద్‌కు దండం పెట్టాలి. చేసినదానికి జైలు చూశాడు, 1816లో దేశం విడిచాడు, 1825లో బ్రస్సెల్స్‌లో పోతే శవాన్ని కూడా ఫ్రాన్స్ రానివ్వలేదు. బాకీ తనే కట్టుకున్నాడు.

మన దగ్గర కట్టేది ఎవరు? 2019 తర్వాత పంచాయతీ ఆఫీసులకు అప్పటి అధికార పార్టీ జెండా రంగులు పూశారు. తీసేయమంది హైకోర్టు. ఎర్రమట్టి రంగు ఒకటి అదనంగా కలిపి, ఇది వేరే రంగన్నారు. 2020 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా కుదరదంది. పూసిన డబ్బాకీ, చెరిపిన డబ్బాకీ బిల్లు జనానిదే. భూమి పుస్తకాలదీ అదే తీరు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతుకు తాత ఇచ్చిన భూమి. పాస్‌బుక్కు మీద బొమ్మ మాత్రం అప్పటి ముఖ్యమంత్రిది. 2024లో గద్దె మారాక రాజముద్రతో మళ్లీ కొత్త పుస్తకాలు. అవతలివాడు పూస్తే అపచారం, మనవాడు పూస్తే ముచ్చట: ఈ లెక్క మాత్రం అన్ని పార్టీలకూ ఒకటే.

దవీద్ తన బొమ్మ మీద సంతకం పెట్టేవాడు. మన పెద్దలూ పెట్టాలి. ఈ గోడకు రంగు ఎవరు వేయించారు, ఎంతయింది, ఎవరి సొమ్ము అని అక్కడే రాయించాలి. అప్పుడు చూడండి, తెల్లసున్నం మీద వాళ్లకెంత ప్రేమ పుట్టుకొస్తుందో!