ఆకామా లేని సోఫియా

2017 అక్టోబరు 25న రియాద్‌లో పెట్టుబడిదారుల మహా సదస్సు. వేదిక మీద అమెరికా పాత్రికేయుడు ఆండ్రూ రాస్ సోర్కిన్, ఎదురుగా సోఫియా. హాంకాంగ్‌లోని హాన్సన్ రోబోటిక్స్ వారి తయారీ. రబ్బరు ముఖం, గాజులాంటి నడినెత్తి, దానిలోంచి కనిపించే తీగలు. కాసేపు ముచ్చట్లయ్యాక సోర్కిన్ శుభవార్త చెప్పాడు: సౌదీ అరేబియా ఈమెకు పౌరసత్వం ఇచ్చింది! సభంతా చప్పట్లు.

పుట్టి రెండేళ్ళయినా నిండని పిల్ల. నెత్తిన ముసుగు లేదు, పక్కన మగ సంరక్షకుడు లేడు. ఆ నేల మీద పుట్టిన ఆడవాళ్ళు కారు నడపడానికి ఇంకా ఎనిమిది నెలలు ఆగాలి. తండ్రో భర్తో సరేననకుండా పాస్‌పోర్టు తీసుకోవాలంటే 2019 ఆగస్టు దాకా ఆగాలి. సోఫియాకు ఈ తిప్పలేవీ లేవు. ఆడదానిలా కనిపించడం వేరు, ఆడదై పుట్టడం వేరని ఇంత తేలిగ్గా తేల్చిచెప్పిన తత్వవేత్త ఇంకొకరు లేరు.

ఇక చూడాలి మేధావుల సంబరం. మనిషికీ యంత్రానికీ మధ్య గోడ కూలిపోయిందట. మనిషి అనే గిరి చెరిగిపోయి, మానవానంతర యుగం మొదలైందట. ఈ యుగానికి చాన్నాళ్ళుగా పునాదులు పడుతూనే ఉన్నాయి. 2000లో ఎడ్వర్డో కాక్ అనే కళాకారుడు జెల్లీచేప జన్యువు ఎక్కించిన కుందేలును తన కళాకృతి అన్నాడు. నీలి కాంతిలో అది ఆకుపచ్చగా మెరుస్తుంది. స్టెలార్క్ అనే ఆస్ట్రేలియా కళాకారుడు ముంజేతిలో మూడో చెవి పెంచుకున్నాడు. రెండు చెవులతో వినాల్సినవన్నీ విన్నాకే మూడోది పెట్టించుకున్నాడనుకుందాం.

వీళ్ళలో నాకు నచ్చినవాడు నీల్ హార్బిసన్. పుట్టుకతోనే రంగులు కనబడవు. రంగును ధ్వనిగా మార్చి వినిపించే ఆంటెన్నాను పుర్రెకు బిగించుకున్నాడు. 2004లో బ్రిటిష్ పాస్‌పోర్టు ఫొటోలో అది ఉండకూడదన్నారు అధికారులు. ఇది నా ఒంట్లో భాగమేనని పట్టుబట్టి ఒప్పించుకున్నాడు. మంచిదే. అయితే పాస్‌పోర్టు అనగానే ఈ తత్వచర్చలో ఎన్నడూ పేరు వినబడని కొందరు నాకు గుర్తొస్తారు.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి వైపు ఊళ్ళలో ‘దుబాయ్ పోయిండు’ అంటే గల్ఫ్‌లో ఏ దేశమైనా కావచ్చు. సౌదీ అయితే దిగిన మర్నాడే పాస్‌పోర్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బీరువాలోకి పోతుంది. అట్లా గుంజుకోవడం సౌదీ చట్టం ప్రకారమే తప్పు. బీరువాకు చట్టం తెలియదు. ఆ మనిషికి మిగిలేది ఆకామా, అంటే అక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు. అది కఫీల్ చేయిస్తే ఉంటుంది, చేయించకపోతే ఉండదు. ఒంటెల కాడనో గొర్ల కాడనో జీతం రాక, ఎండకు తాళలేక బయటపడితే కఫీల్ ‘హురూబ్’ అని రాయిస్తాడు. పారిపోయాడని అర్థం. ఆ తర్వాత వాడు ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. పనిచేస్తే నేరం, ఊరికే ఉంటే నేరం, ఇంటికి పోదామంటే కాగితం లేదు. మనిషి హద్దులు చెరిగిపోవడం గురించి ఎవరైనా అధ్యయనం చేయదలిస్తే వాడి కన్నా మంచి నమూనా దొరకదు.

2017 సంగతే చూడండి. మార్చి ఆఖర్లో సౌదీ ప్రభుత్వం కాగితాల్లేనివాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించింది: జరిమానా లేకుండా వెళ్ళిపొండి అని. గడువు పొడిగిస్తూ వచ్చి, నవంబరు మధ్య నుంచి వెతికి పట్టుకోవడం మొదలుపెట్టింది. సరిగ్గా ఈ రెండింటి నడుమ, ఇంటికి పోనిచ్చే కాగితాలైన ఔట్‌పాసుల కోసం మనుషులు వరుసలు కట్టిన ఆ ఏడాదే, వీసా అడగని, ఆకామా అక్కర్లేని రబ్బరు బొమ్మను పౌరసత్వం వరించింది. డిసెంబరులో ఆ బొమ్మ ముంబయి ఐఐటీకి చీర కట్టుకుని వచ్చింది. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి చీర పెడతానన్నాడట. చీర సంగతి మాత్రం మనవాళ్ళే చూసుకున్నారు.

బొమ్మకు నిజంగా బుద్ధి ఉందా అంటారా? అప్పట్లో ఫేస్‌బుక్ కృత్రిమ మేధ పరిశోధనకు పెద్దగా ఉన్న యాన్ లెకున్, అదంతా బూటకమని 2018 జనవరిలో మొహమాటం లేకుండా తిట్టిపోశాడు. అయితేనేం? అప్పటికే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి విభాగం ఆమెకో బిరుదు తగిలించింది. 2021 మార్చిలో ఆమె చేయి పడ్డ డిజిటల్ బొమ్మ ఒకటి వేలంలో 6,88,888 డాలర్లు పలికింది. అదే నెలలో సౌదీలో ఈ కఫీల్ పద్ధతికి (కఫాలాకు) సంస్కరణలు అమల్లోకి వచ్చాయి: కఫీల్‌ను అడక్కుండా పని మారొచ్చు, దేశం దాటి రావచ్చు. ఇంటి పనివాళ్ళకు, ఇంటి డ్రైవర్లకు, తోటమాలికి, గొర్ల కాపరికి మాత్రం వర్తించదన్నారు. యంత్రాన్ని లోపలికి రానిచ్చిన గిరి గొర్ల కాపరి కాడికొచ్చేసరికి మళ్ళీ ఎంత స్పష్టంగా కనిపించిందో!

తత్వాన్ని మొత్తంగా తిట్టబోవడం లేదు. ఈ ఆలోచనలకు ఆద్యురాలనదగ్గ డోనా హారవే 1985 నాటి తన సైబోర్గ్ మేనిఫెస్టోలో ఆసియా ఫ్యాక్టరీల్లో చిప్పులు తయారుచేసే ఆడవాళ్ళ గురించీ రాసింది. ఆ తర్వాతి సెమినార్లలో చిప్పు నిలిచింది, చేసిన చెయ్యి జారిపోయింది. ఇవాళ మానవానంతరం అని ఊగిపోయే పెద్దమనిషి తన గదికి ఏసీ బిగించినవాణ్ణి మానవ పూర్వంలోనే వదిలేసి వస్తాడు.

2018 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ప్రపంచ ఐటీ మహాసభకు సోఫియా వచ్చింది. మనవాళ్ళు ప్రేమ గురించీ, రోబోల హక్కుల గురించీ అడిగి మురిసిపోయారు. అదే నగరంలో పదో తరగతి పాసు కానివాడి పాస్‌పోర్టు మీద ‘ఈసీఆర్’ అని ఉంటుంది. సౌదీకి పనికి పోవాలంటే వాడు ప్రభుత్వం నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాలి. వాడి మంచికేనంటారు, కొంతవరకు నిజమే. సోఫియా ఏ బడిలో పది పాసయిందో మాత్రం ఎవరూ అడగలేదు. మన ఊరివాడు సౌదీలో చనిపోతే శంషాబాద్ విమానాశ్రయంలో దిగేది కార్గోలో. బతికున్నన్నాళ్ళూ మనిషిగా లెక్కకు రానివాడు సరుకుగా మాత్రం కచ్చితంగా నమోదవుతాడు.

మళ్ళీ మానవ సరిహద్దుల మీద సదస్సు పెడితే, వేదిక మీద రోబో పక్కన ఒక కుర్చీ ఖల్లివెల్లికి వేయండి. టీఏ, డీఏ అక్కర్లేదు, శాలువా అసలే వద్దు. ఔట్‌పాసు ఇప్పిస్తే ఉపన్యాసం అయ్యేదాకా కూర్చుంటాడు.